చివరి అక్షరం ముందు రాసేవాడు

బెంగళూరు పక్కన మా చిక్కబళ్ళాపురం జిల్లా అయిన మరుసటి ఏడు, నేను రాసిన ఒక్క వాక్యం చింతామణిలో మంత్రి కారును ఆపింది. పట్టపగలు, నడిరోడ్డు మీద. ముందొక పోలీసు జీపు, వెనక మూడు కార్లు, అన్నీ వరసగా ఆగిపోయాయి. టొమాటో మండీకి పోయే దారిలో ఒక గోడౌను గోడ ఉంది. దాని మీద మూరెడేసి అక్షరాలతో నా వాక్యం ఉంది. మంత్రి అద్దం దించి చదివాడు. మొహం కందగడ్డ అయింది. "ఎవరు రాసిందిది?" అన్నాడు. పక్కనున్న అధికారులు నేలచూపులు చూశారు.

ఈ సంగతి చాలా ఏళ్ళుగా చెబుతున్నాను. బాగేపల్లి పెళ్ళిళ్ళలో చెప్పాను. చిక్కబళ్ళాపురం రైల్లో చెప్పాను. పింఛను వరుసలో ముందున్నవాడికీ, వెనకున్నవాడికీ చెప్పాను. మొదట్లో మంత్రి వెనక ఒక్క కారే ఉండేది. తక్కిన రెండూ చెప్పగా చెప్పగా వచ్చి చేరాయి. నేను అబద్ధాలాడే మనిషిని కాను. ఉన్న పిండినే నూనెలో వేసి పొంగిస్తాను, అంతే.

కారు ఆగిన మాట నిజం. టొమాటో లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా తిరగబోయి ఇరుక్కుంది, అందుకని ఆగింది. అద్దం ఎవరూ దించలేదు. లోపల ఉన్నది మంత్రో, మంత్రిగారి సామానో కూడా నాకు తెలియదు.

ఇంతవరకూ ఒప్పుకోవడం తేలిక. ఆ వాక్యం నాది కాదని ఒప్పుకోవడానికి మాత్రం ఒక మనిషి చచ్చిపోవలసి వచ్చింది.

పోయిన నెల కళ్ళజోడు బాగుచేయించుకుందామని చింతామణిలో దిగాను. కూడలిలో ఒక ఫ్లెక్స్ కట్టి ఉంది. పైన ‘భావపూర్ణ శ్రద్ధాంజలి’ అని కన్నడంలో. రెండు పక్కలా కంప్యూటరు దీపాలు, కింద కంప్యూటరు పూలు, నడుమ ఒక ముసలాయన. ఎక్కడో చూసిన మొహం. పేరు చదివితే కొత్తగా ఉంది. విరిగిన కళ్ళజోడును చేత్తో పట్టుకుని మళ్ళీ చూశాను. చెవి వెనక కుంచె లేదు. అది లేకుండా ఆ మనిషిని నేనెన్నడూ చూడలేదు, అందుకే గుర్తుపట్టడానికి అంతసేపు పట్టింది.

గోడలు రాసి బతికినవాడికి ఫ్లెక్స్ మీద సంతాపం. అదీ సరిగా కుదరలేదు. చివర చోటు చాలక ‘జలి’ని మూలకు ఇరికించారు. ఆయన చూసి ఉంటే తన చావు సంగతి పక్కన పెట్టి దానికి బాధపడేవాడు.

పేరు ఇక్కడ రాయను. ఏ గోడ మీదా తన పేరు తాను రాసుకోలేదు. మేమంతా చిలకప్ప అనేవాళ్ళం.

ఒక సైకిలు, సైకిలుకు అడ్డంగా కట్టిన వెదురు నిచ్చెన, హ్యాండిలుకు వేలాడే రంగు డబ్బాలు. చేతికింద మనిషి లేడు. గోడ దగ్గరికి రాగానే గోడను చూసేవాడు కాదు. గోడకు వీపు ఆనించి నిలబడి రోడ్డును చూసేవాడు. ఎవరు వస్తున్నారు, ఎటు పోతున్నారు, ఎంత తొందరలో ఉన్నారు, అంతా చూసుకున్నాక అడిగేవాడు:

"ఎవురు చదవల్ల?"

నడిచిపోయేవాడు చదవాలంటే జానెడు అక్షరం. బస్సులో పోయేవాడు చదవాలంటే మూరెడు. "బస్సులో వాడు తల తిప్పేలోపల మాట అయిపోవల్ల, మేష్ట్రే. లేకుంటే వాడు సగం మాట ఎత్తుకొని ఊరికి పోతాడు" అనేవాడు. మేష్ట్రు అంటే నేను. కన్నడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి.

తరవాత నీలం పొడిలో ముంచిన దారాన్ని గోడ మీద బిగలాగి టప్పున కొట్టేవాడు. గీత పడేది. చెప్పులు విడిచి నిచ్చెన ఎక్కేవాడు. ఎక్కి, అందరూ రాసినట్టు మొదటి అక్షరం కాకుండా, చివరి అక్షరం ముందు రాసేవాడు. అక్కణ్ణుంచి వెనక్కి నడిచేవాడు. ఎందుకప్పా ఇట్లా అని ఒకసారి అడిగాను.

"ముందునుంచి రాసుకుంటా పోతే కడాకు చోటు చాలదు. అక్షరాలు ఒగదాని మింద ఒగటి ఎక్కి కూచుంటాయి, సంత బస్సులో జనం మాదిరి."

అందువల్ల ఆయన పని చేస్తుంటే మాకు వినోదం. కొత్త అంగడి మీద ‘ర్స్’ అని కనపడగానే ఎదురు హోటల్లో కూర్చున్నవాళ్ళు కాఫీ పందెం కాసేవాళ్ళు, స్టోర్సా, ట్రేడర్సా, టైలర్సా అని. ఆయన చెప్పేవాడు కాదు. "ఆరనీ" అనేవాడు.

ఆ మాట ఆయనకు అన్నిటికీ పనికొచ్చేది. పార్టీవాళ్ళు వచ్చి గుర్తు మార్చమని తొందరపెడితే "ఆరనీ". పక్కింటివాళ్ళు గొడవకొస్తే "ఆరనీ". హెడ్మాస్టరు మీద నేను గంటసేపు మండిపడితే, అంతా విని, కుంచెను చెవి వెనక దోపుకుని, "ఆరనీ మేష్ట్రే" అనేవాడు. చెవి వెనక నెరిసిన జుట్టులో ఎప్పుడూ ఒక రంగు చార ఉండేది. ఏ రోజు ఏ పార్టీ పని చేశాడో దాన్ని చూసి చెప్పవచ్చు.

పని అయ్యాక మూలన బొటనవేలంత చిలకను వేసేవాడు. పచ్చ ఒళ్ళు, ఎర్ర ముక్కు. అదే సంతకం. "సంతకం నేర్చుకునే లోపల చిలక నేర్చుకుంటి, ఇంగ సంతకం యేల?" అనేవాడు. అంగళ్ళకూ బడిగోడలకూ బండ్లకూ వేసేవాడు. పార్టీల గోడలకు మాత్రం వేసేవాడు కాదు. "అది ఆయప్పల మాట. నా చిలకకి యాం పని?" అనేవాడు.

ఇంకొక ఆనవాయితీ కూడా చెప్పాలి. చేతికింద మనిషి లేడన్నాను కదా. ఎత్తులో, వాలులో పనైతే, ఆ మాట రాయమన్నది ఎవరో నిచ్చెన వాళ్ళే పట్టుకోవాలి. ఎంత పెద్దవాడైనా సరే. మల్లెపువ్వులాంటి తెల్ల చొక్కాల్లో వచ్చిన నాయకులు ఆయన నిచ్చెన కింద మెడ పైకెత్తి నిలబడి, రంగు చుక్క మీద పడుతుందేమోనని కళ్ళు చికిలించడం నేను చూశాను. ఆయన చుక్క పడనిచ్చేవాడు కాదు, అది వేరే సంగతి.

ఇక నా సంగతి. మాకొక రైతుల సంఘం ఉండేది. ఏడుగురు మనుషులు, ఒక రబ్బరు ముద్ర. ముద్ర నా సంచిలో ఉండేది కాబట్టి నేనే కార్యదర్శిని. నినాదాలు రాయడం నా పని. ఆ ఏడు అమెరికాలో పెద్ద పెద్ద బ్యాంకులు పడిపోతుంటే అక్కడి సర్కారు జనం సొమ్ముతో ఎత్తి నిలబెట్టిందని పేపర్లు రాశాయి. అదే రోజుల్లో ఇక్కడ బెంగళూరు దారిలో ఒక దారం మిల్లు నష్టాల్లో పడింది. యజమాని ఎక్కడెక్కడో ఏవేవో కొని పోగొట్టుకున్నాడు. సర్కారు దానికి ‘పునశ్చేతన ప్యాకేజీ’ ఇస్తుందని పేపర్లో వచ్చింది. నేను చిందులు తొక్కాను. ఆ రోజు నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. మా చిన్నల్లుడు ఆ మిల్లులోనే సూపర్‌వైజరు.

గోడౌను ఎదురుగా ఉన్న హోటల్లో చిలకప్పను కూర్చోబెట్టి నా కాగితం చేతికిచ్చాను. రెండు రోజులు కూర్చుని రాసినది: ‘బండవాళదారుల నష్టాలను శ్రమజీవుల నెత్తిన రుద్దుతున్న సర్కారీ ధోరణిని ముక్తకంఠంతో ఖండిద్దాం.’ బండవాళదారు అంటే కన్నడంలో పెట్టుబడిదారు.

ఆయన కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూశాడు.

"ఎవురు చదవల్ల, మేష్ట్రే?"

"ప్రభుత్వం చదవల్ల."

"ప్రభుత్వం నడిచొస్తాదా, బస్సులో వస్తాదా?"

"కార్లో వస్తాది" అన్నాను ఒళ్ళు మండి.

"అయితే ఇంగా పొట్టిగా ఉండల్ల. కార్లో వాళ్ళు తలే తిప్పరు." కాగితం మడిచి నా గ్లాసు కింద పెట్టాడు. "మాట బాగుండాది. గోడ చాలదు. గోడౌను గోడ, పక్కన ఇస్కూలు గోడ, ఆ పక్క ఆస్పత్రి గోడ, మూడూ కావల్ల. ‘ఖండిద్దాం’ అనేది ఆస్పత్రి గోడ మింద పడతాది. జనం లోపలికి పోయేకి భయపడతారు."

హోటలువాడు నవ్వాడు. నేను నవ్వలేదు. చిలకప్ప బల్ల మీది పేపరు లాక్కుని, మిల్లు వార్త మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. మూడో తరగతి చదువు. అక్షరాలను చదవడంకంటే గీయడం బాగా వచ్చినవాడు.

"రోగగ్రస్త ఉద్యమ అని వేసిన్యారు. రోగం అంటే జబ్బే గదా?"

"జబ్బే."

"మిల్లుకి జబ్బొస్తాదా?"

"చట్టంలో అట్లనే అంటారప్పా. నష్టపోయిన కంపెనీని రోగగ్రస్త ఉద్యమ అంటారు."

ఆయన కాసేపు కాఫీ ఊదుకున్నాడు. తాగలేదు.

"పోయిన నెల బాగేపల్లి తట్టు పోయింటి. ఒగ సొసైటీలో బోర్డు రాయమన్న్యారు. సుస్తిదారుల పేర్లు."

సుస్తిదారు అంటే తీసుకున్న అప్పు కట్టనివాడు. కన్నడ మాట. మా వైపు ఆ మాట తెలియని రైతు లేడు.

"రాస్తివా?"

"రాస్తి. నడిమిలో మా బావమరిది పేరు వచ్చె. రెండేండ్లు శనక్కాయ ఎండిపోయ, వాడు యాడ తెచ్చి కడతాడు? అయినా రాస్తి. అన్ని పేర్లకన్నా ఆ పేరు బాగా రాస్తి, మేష్ట్రే. నీలం దారం రెండు తూర్లు కొట్టి రాస్తి. వాని పెండ్లి పత్రికలో గూడా వాని పేరు అంత అందంగా లేదు."

నా కాగితాన్ని గ్లాసు కింది నుంచి లాగి జేబులో పెట్టుకున్నాను.

"ఎలచ్చన్లకి మాఫీ వస్తాదంటాండారు" అన్నాడు. "మాఫీ అంటే క్షమించేదే గదా? వాడేం తప్పు చేసినాడని క్షమించేది? వాన రాకుంటే వాని తప్పా? మిల్లుకిచ్చే దాన్ని ఎవురూ మాఫీ అనరు. ప్యాకేజీ అంటారు, చేతన అంటారు. అంతే మేష్ట్రే. కంపెనీ పడితే జబ్బు. రైతు పడితే తప్పు."

అని, అప్పుడు కాఫీ తాగాడు.

ముప్పై ఏళ్ళు మైకు ముందు మాట్లాడినవాణ్ణి నేను. ‘బండవాళశాహి’ అన్నాను, ‘సామ్రాజ్యవాదం’ అన్నాను, పిడికిలి ఎత్తాను. ఒక్కసారీ ఆ ఆరు మాటల దగ్గరికి పోలేకపోయాను. పడడం ఒకటే, సర్కారు దానికి రెండు పేర్లు పెట్టింది. ఒక పేరును బోర్డు మీద రాసి, రెండోదాన్ని పేపర్లో కూడబలుక్కున్నవాడికే అది కనపడింది.

"అదే రాయి" అన్నాను.

"ఏది?"

"ఇప్పుడు నువ్వన్న్యది."

"అది నోటికొచ్చిన మాట. గోడకి రాసేది గాదు."

"రాయప్పా."

మరునాడు రాశాడు. మా దగ్గర మాట్లాడేది తెలుగు, చదివింది కన్నడం. అందుకని తెలుగు మాటలే, కన్నడ అక్షరాల్లో. ఆ గోడ కుడి కొస కింద ఊరి మురుగంతా పోయే మోరి ఉంది. మోరి మీద రాతిపలకలు రెండు విరిగిపోయి ఉన్నాయి. నిచ్చెనకు ఒక కాలు పలక మీద, ఒక కాలు గాలిలో. చివరి అక్షరం అక్కడే కదా, మొదలు అక్కడే పెట్టాలి. రాయమన్నది నేను కాబట్టి నేనే మోరిలో ఒక కాలు పెట్టి నిచ్చెన పట్టుకున్నాను. ఆ వాక్యానికి నేను చేసిన నిజమైన సేవ అదొక్కటే. దాన్ని ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు, మోరి వాసన కథకు బాగుండదని.

‘ప్పు’ అని కనపడింది. హోటల్లో పందెం మొదలైంది. ఉప్పన్నాడొకడు. పప్పన్నాడొకడు. సంత నుంచి వచ్చిన రైతు ఒకాయన నిమ్మళంగా, "అప్పు. ఇంగేముంటాది" అన్నాడు. అందరూ ఆయన వైపే కాశారు. ‘త’ పడేసరికి అందరూ ఓడిపోయారు.

సాయంత్రానికి వాక్యం పూర్తయింది. చిలకప్ప కిందికి దిగి కుంచె కడుక్కుంటున్నాడు. నేను వెనక్కి జరిగి చూశాను. ఎంత పెద్దగా ఉందో అప్పుడు తెలిసింది. బస్సులో వాళ్ళు తలలు తిప్పుతున్నారు. గోడౌను సాహుకారు మేడ మీద కిటికీ తెరిచి ఉంది. ఆయన లారీలే మిల్లుకు పత్తి మోసేవి. అల్లుడు గుర్తొచ్చాడు.

"చిలక వెయ్యప్పా" అన్నాను.

"సంఘం గోడకా? యేల?"

"మాట నీది గదా. నీ చిలక ఉండల్ల."

ఆయన నా మొహంలోకి చూశాడు. మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. చివరి అక్షరం పక్కన, మోరి పైన, మామూలుకంటే ఎక్కువసేపు తీసుకుని చిలకను వేశాడు. కింద నిచ్చెన పట్టుకుని నేను అనుకుంటున్నది ఇది: రేపు ఎవరైనా అడిగితే చిలక జవాబు చెబుతుంది. నేను చెప్పనక్కరలేదు.

కళాకారుణ్ణి గౌరవించాను అని తరవాత అందరితో అన్నాను.

వాక్యం పాకింది. టెంపోల వెనక రాసుకున్నారు. కాలేజీ పిల్లలు అరిచారు. బాగేపల్లిలో ఒక సభలో వక్త దాన్ని మూడుసార్లు అన్నాడట. బెంగళూరు అసెంబ్లీలో, ఆ విధానసౌధలో కూడా వినపడిందంటారు. అలా అనేవాణ్ణి నేనే. చిక్కబళ్ళాపురంలో పెద్ద సభ పెట్టి, ఆ వాక్యం రాసినందుకు నాకు శాలువా కప్పారు. మైకు ముందు నిలబడి, "కాఫీ చల్లారే లోపల తట్టిన మాట" అన్నాను. కాఫీ ఎవరిదో చెప్పలేదు. చప్పట్లు మోగాయి. వేదిక వెనక గుడ్డ బ్యానరు రాసింది చిలకప్పే. గాలికి దాని మూల ఊడితే తాడు పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. చేతులు ఖాళీగా లేవు కాబట్టి చప్పట్లు కొట్టలేదని నాకు నేను చెప్పుకున్నాను.

సభ అయ్యాక దగ్గరికి వచ్చి శాలువా అంచును రెండు వేళ్ళతో నలిపి చూశాడు.

"రంగు నిలస్తాది, మేష్ట్రే" అన్నాడు.

వారం తిరగకముందే సాహుకారు మనుషులు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. మర్యాదగానే వచ్చారు. మంచినీళ్ళు కూడా తాగారు.

"గోడ మింద రాత మీదేనంట గదా మేష్ట్రే. శాలువా గూడా కప్పిన్యారంట."

శాలువా గోడ మేకుకు తగిలించి ఉంది. వాళ్ళకు కనపడకుండా దాని ముందుకు జరిగాను.

"మాటలు జనంలోనుంచి వస్తాయప్పా" అన్నాను. సభల్లో అనే మాటే. ఆ రోజు దానికి వేరే పని దొరికింది. "రాసింది ఎవురో గోడే చెప్తాది. చిలకను చూసుకోండి."

సాహుకారు తీర్పు ఇచ్చాడు. రాసినవాడే, సంత రోజున, అందరి ముందూ సున్నం కొట్టి చెరపాలి. ఆ తరవాత మండీ దారిలో ఏ గోడా ముట్టుకోకూడదు. ఆ దారి గోడలే చిలకప్పకు సగం బతుకు.

సంఘంలో ఏడుగురం. ఏడుగురికీ ఆ రోజు పని పడింది. నేను బాగేపల్లికి పోయానని అందరితో చెప్పాను. ఈ నాటికీ అలాగే చెబుతున్నాను. పోలేదు. ఆ హోటల్లోనే, లోపలి బల్ల దగ్గర, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఎందుకు పోయి కూర్చున్నానంటే చెప్పలేను. చూడకుండా ఉండలేకపోయాను, కనపడే ధైర్యం లేకపోయింది.

ఆయన సున్నం మాత్రం మొదటినుంచి కొట్టాడు. ‘కంపెనీ’ పోయింది. ‘పడితే’ పోయింది. టొమాటో బుట్టల మధ్య నిలబడి జనం చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు, అది ఒక్కటి చెప్పాలి. ‘జబ్బు’ పోయింది. ‘రైతు’ పోయింది. చివరికి గోడంతా తెల్లగా, మోరి పైన ‘తప్పు’ అని ఒక్క మాట, పక్కన చిలక మిగిలాయి.

అప్పుడు ఆయన ఆగాడు. నిచ్చెన దించాడు. కుంచె చెవి వెనక దోపుకున్నాడు. సున్నం చెంప మీదికి కారింది. గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు, పని మొదలు పెట్టేముందు నిలబడినట్టే. రోడ్డును చూశాడు. తరవాత హోటలును చూశాడు. చాలాసేపు చూశాడు. నేను పేపరు ఇంకా పైకెత్తాను. ఎవరు చదవాలో నాకు తెలిసింది. కాఫీ గ్లాసు అక్కడే వదిలి, వంటగది వెనక దారిన బయటపడ్డాను.

మిల్లుకు సర్కారు సాయం వచ్చింది. అల్లుడి ఉద్యోగం నిలిచింది. దీపావళికి మిల్లువాళ్ళు పంచిన మైసూరుపాకు పెట్టె మా ఇంటికి కూడా వచ్చింది. తిన్నాను. బాగుంది. చిలకప్ప ఆ తరవాత పల్లెలు తిరిగి బండ్లకు నంబర్లు, ఎద్దుల కొమ్ములకు రంగులు వేశాడు. ఆ మీద ఫ్లెక్స్‌లు వచ్చాయి. ఎప్పుడైనా బస్టాండులో ఎదురైతే సైకిలు ఆపి, "యేం మేష్ట్రే, బాగుండారా" అనేవాడు. గోడ సంగతి ఎత్తేవాడు కాదు. ఎత్తి ఉంటే నా దగ్గర నాలుగు రకాల జవాబులు తయారుగా ఉండేవి.

ఇంతవరకూ రాసి, కింద ఇలా ముగించాను: ‘తప్పు అన్న ఆ ఒక్క మాటను ఆయన నా కోసమే మిగిల్చాడు. అది నాకు పడిన తీర్పు.’ ముగింపు నాకు చాలా నచ్చింది. రెండుసార్లు పైకి చదువుకున్నాను. సిగ్గును కూడా ఇంత బాగా రాయగలను కదా అనిపించింది.

ఆయన భార్య ఉంది. చింతామణిలో ఆ పాత సందులోనే. అచ్చుకు పంపేముందు ఆవిడకు వినిపించడం ధర్మమనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుంటుందనీ, పోనీలే మేష్ట్రే అంటుందనీ అనుకున్నాను. పోయేసరికి వాకిట్లో కూర్చుని చింతపండు కొడుతోంది. రాతి మీద పెట్టి, చిన్న సుత్తితో ఒక దెబ్బ, గింజ అటు, పండు ఇటు. నేను చదువుతున్నంతసేపూ సుత్తి ఆగలేదు.

"అయిపోయనా?" అంది.

"అయిపోయిందమ్మా."

"చిలక నువ్వు చెప్తే వేసినాడా?" ముందు నన్ను మీరు అనేది. ఎప్పటినుంచి మానేసిందో నేను గమనించలేదు. "నేను ఈ ఇంటికొచ్చినప్పటినుంచి చూస్తాండా. ఆయప్ప ఒగరు చెప్తే చిలక వేసే మనిషి గాదు. ఆ పొద్దు ఇంటికొచ్చి, ఇన్నేండ్లకి గోడ మింద నా మాట నేను రాసుకుంటి అని చెప్పె. అన్నం గూడా సరిగ్గా తినలే, సంతోసానికి. చిలక దానికి. నీకి గాదు."

"సాహుకారి మనుషులకి నేనే చెప్తి గదమ్మా, చిలకను చూసుకోండని..."

"నువ్వు చెప్పేది యాముండాది? ఆ చిలక ఎవురిదో ఊరంతా ఎరుగు. మంచికీ నువ్వే, చెడ్డకీ నువ్వేనా?"

సుత్తి దెబ్బ పడింది. గింజ ఒకటి ఎగిరి నా కాగితాల మీద పడింది. దాన్ని తీసి ఆవిడ చేటలో వేశాను.

"సరేనమ్మా. ఆ కడా మాట మిగిల్చి, నా తట్టే చూసినాడు గదా. అది నాకి చెప్పినట్టే గదా?"

ఆవిడ అప్పుడు సుత్తి కింద పెట్టింది. చింతపండు అంటిన వేళ్ళను కొంగుకు తుడుచుకుంది.

"అది మోరి మింద గోడ, మేష్ట్రే. మాట ఎవురు రాయమంటే వాళ్ళే గదా నిచ్చెన పట్టుకునేది ఆయప్ప కాడ. నువ్వు లోపల కూచోనుండేది చూసినాడు. కాఫీ తాగి వస్తాడు అని కాచుకోనుండె. నేను అన్నం ఎత్తుకొని పోతే, ‘ఆరనీ, మేష్ట్రు వస్తాడు’ అనె. శానాసేపు చూస్తిమి. నువ్వు రాలే. నేనే మోరిలోకి దిగి పట్టుకుంటి, మోకాళ్ళ మట్టం మురికిలో, సంతంతా చూస్తా ఉంటే."

మళ్ళీ సుత్తి అందుకుంది.

"తీర్పు లేదు, ఏమీ లేదు. నిచ్చెన పట్టుకునేకి మనిషి లేక నిలబడినాడు. అట్ల రాయి."